బయటి గోడలో గూడు

పోయినవారం మనం పెన్సిలమ్మను పాత గ్రంథాలయం హాల్లో, ప్రదర్శన బోర్డుల వెనక ఒక చెక్క స్టూలు మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పెన్సిలమ్మ నగర ప్రణాళిక ఆఫీసులో ప్లానరు. అందరూ తిన్నగా కంప్యూటర్ మీద గీతలు గీసేస్తుంటే ఈమె మాత్రం ముందు కాగితం మీద గీసుకోనిదే మౌస్ ముట్టదు. జడముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది. ఆఫీసులో ఎవరో సరదాగా పెట్టిన పేరు అలా అతుక్కుపోయింది. తను కోడలిగా వచ్చిన పేట రాబోయే పాతికేళ్లలో ఎలా పెరగాలో, మెట్రో ఎక్కడ ఆగాలో, ఆకుపచ్చని చోటు ఎక్కడ మిగలాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ఆమె చేతిలోనే తయారైంది. జనానికి అర్థం కావాలని పేట మొత్తాన్నీ చెక్కతో నమూనాగా చేయించి హాల్లో పెట్టారు. ఎర్రముక్క మెట్రో స్టేషను. ఆకుపచ్చ ముక్క పార్కు.

చిక్కంతా ఆ ఎర్రముక్కతోనే వచ్చింది. అది ఉండవలసింది మార్కెట్ మలుపులో. ఎవరో దాన్ని ఎత్తి, మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ స్థలంలో, పార్కు ముక్క మీద పెట్టి పోతున్నారు. వాచ్‌మన్ సరిచెయ్యడం, అది మళ్లీ జరగడం. తాళం పగల్లేదు, కిటికీ తెరుచుకోలేదు. హాలు తాళంచెవులు రెండే. ఒకటి వాచ్‌మన్ దగ్గర, రెండోది పెన్సిలమ్మ హ్యాండ్‌బ్యాగులో. "మీ ప్లాను మీకే నచ్చినట్టు లేదే" అని డైరెక్టరు నవ్వుతూ అన్నాడు కానీ, ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తెల్లారితే కౌన్సిల్లో ఓటు. అందుకే ఇవాళ వాచ్‌మన్‌ని భోజనానికి పంపేసి, తలుపు తాళం వెయ్యకుండా ఊరికే దగ్గరికి వేయించి, తను ఇలా నక్కి కూర్చుంది.

తలుపు కిర్రుమంది.

బోర్డు కిందనుంచి ఆమెకు నేల, నమూనా బల్ల కాళ్లు తప్ప మరేమీ కనిపించవు. రెండు చెప్పులు నెమ్మదిగా లోపలికి వచ్చాయి. వాటి వెనకే కూరల సంచి కాస్త నేలకు రాసుకుంటూ వచ్చింది. మడమ దగ్గర మెత్తటి పట్టీ ఉన్న గోధుమరంగు చెప్పులు. పెన్సిలమ్మ వాటిని గుర్తుపట్టింది. మోకాళ్ల నొప్పులకు మంచివని నాలుగు దుకాణాలు తిరిగి తనే కొనిపెట్టింది.

చెప్పులు బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మార్కెట్ మలుపు దగ్గర ఆగాయి. చెక్క మీద చెక్క రాసుకున్న చిన్న చప్పుడు. తర్వాత సంచి జిప్పు లాగిన చప్పుడు.

"అత్తయ్యా" అంది పెన్సిలమ్మ, బోర్డు వెనకనుంచి లేచి.

అత్తగారు తిరిగి చూసింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసిన మనిషి, అంత తొందరగా బెదిరే రకం కాదు. ఒక్క క్షణం మాత్రం రెప్ప వెయ్యడం మరిచిపోయింది.

"నువ్వా. భోంచేశావా?" అంది.

"చెయ్యలేదు. దొంగని పట్టుకుందామని కూర్చున్నాను."

"పట్టుకున్నావుగా. ఇప్పుడైనా తిను. బ్యాగులో డబ్బా ఉందా, మళ్లీ మరిచిపోయి వచ్చావా?"

పెన్సిలమ్మకు నవ్వూ, కోపమూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటికి రావాలో అవి రెండూ తేల్చుకునేలోగా బల్ల దగ్గరికి వచ్చి చూసింది. ఎర్రముక్క ఐస్ ఫ్యాక్టరీ స్థలంలో చక్కగా కూర్చుని ఉంది. ఆకుపచ్చ ముక్క కనిపించలేదు.

"పార్కు ఏదత్తయ్యా?"

అత్తగారు సంచి వైపు చూసింది. వంకాయలకీ, కొత్తిమీర కట్టకీ మధ్యనుంచి పార్కు ఒక మూల బయటికి తొంగిచూస్తోంది.

"రెండూ ఒకచోట పట్టలేదు" అంది ఆవిడ. "అందుకని తీశాను. పారెయ్యాలని కాదు."

"ఇన్నాళ్లూ జరుపుతున్నది మీరేనా? నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదా. ఆఫీసులో అందరూ నన్నే అనుమానిస్తున్నారు."

"ఇన్నాళ్లూ ఏమిటి? నేను రావడం ఇవాళే. తలుపు తీసి ఉంటే వచ్చాను."

పెన్సిలమ్మ ఆ మాట నమ్మలేదు. ముందు పనుల్లో తల దూర్చి, తర్వాత అబ్బే నాకేం తెలీదనడం అత్తగారికి మామూలే. ఫ్రిజ్‌లో సామాన్లు సర్దడం నుంచి కొడుకు చొక్కాలకు బొత్తాలు మార్చడం దాకా అన్నీ అలానే జరుగుతాయి. పైగా మొదటి చిత్తులో స్టేషన్‌ని ఐస్ ఫ్యాక్టరీ దగ్గరే గీసి, తర్వాత మార్చుకున్న సంగతి ఇంట్లో భోజనాల దగ్గర తనే చెప్పింది. తెలిసింది ఇంటివాళ్లకే. ఇంక వేరే ఎవరుంటారు?

"సరే, రండి" అంది సంచిలోంచి పార్కు ముక్క తీస్తూ. దానికి అంటుకున్న కొత్తిమీర ఆకు దులిపి అత్తగారి చేతిలో పెట్టింది. "స్టేషన్ మీరు పెట్టినచోటే ఉండనిద్దాం. దీనికి చోటు మీరే చూపించండి."

"ఎక్కడో ఒకచోట పెట్టు. చెట్లేగా."

"ఎక్కడో అంటే ఎక్కడ? చూపించండి."

అత్తగారు మూతి బిగించి ముక్కను చేతిలో తిప్పింది. బల్ల చుట్టూ నడిచింది. స్కూలు పక్కన పెట్టింది. అది సగం స్కూలు మీదికి ఎక్కింది. తీసి, బస్ డిపో వెనక పెట్టింది. అక్కడ రెండు వీధుల ఇళ్లను కప్పేసింది. అడ్డంగా తిప్పి చూసింది, నిలువుగా తిప్పి చూసింది. చివరికి కాస్త ఖాళీగా కనిపించిన చోట దాన్ని దించి, వెనక్కి వంగి చూసుకుని, "ఇక్కడ బాగానే పట్టినట్టుందే" అంది.

"అది మన వీధి అత్తయ్యా. ఆ ముక్క మూల కింద ఉన్నది మనిల్లు."

ఆవిడ ముక్కను చటుక్కున ఎత్తేసింది.

"ఇంత పేటలో ఇదొక్కటి పట్టే జాగా లేదా?" అని అడిగింది. ఈసారి గొంతులో మొండితనం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"లేదు. అందుకే ఆ ఫ్యాక్టరీ స్థలం కోసం అంతలా పట్టుబట్టాను. మెట్రో వస్తే ఇక్కడ రెండంతస్తుల ఇళ్లు ఆరంతస్తులవుతాయి. ఇప్పుడున్న జనానికి రెట్టింపు జనం వస్తారు. వాళ్ల పిల్లలు ఎక్కడ పరిగెత్తాలి? మీరు సాయంత్రం నడవడానికి రోడ్డు అంచున వెళుతుంటే పక్కనే లారీలు పోతుంటాయి, నాకు మీరు ఇంటికొచ్చేదాకా మనసు మనసులో ఉండదు. స్టేషన్‌కి ఆ మలుపైతే రెండు బస్సు దారులూ కలుస్తాయి, ఎవరైనా నడిచి చేరుకోవచ్చు. ఫ్యాక్టరీ దగ్గర పెడితే పార్కూ పోతుంది, జనమూ అంతదూరం నడవాలి. మొదట నేనూ అక్కడే గీశాను. తర్వాత చెరిపేశాను."

అత్తగారు మార్కెట్ మలుపు మీదికి వంగింది. ఎర్రముక్క తీసేశాక అక్కడ చిన్న చిన్న చెక్క ఇళ్ల వరస కనిపిస్తోంది. చివరిది వింతగా ఉంటుంది. మిగతావన్నీ నలుచదరంగా ఉంటే అది ఒకవైపు ఏటవాలుగా, కేకును కోసి సగం తీసేసినట్టు ఉంటుంది.

"ఇది కూడా పోతుందా?" అని వేలు పెట్టి చూపించింది.

"వరస మొత్తం పోతుంది. అందరికీ పార్కు ఎదురుగా కొత్త ఇళ్లు ఇస్తారు. కింది అంతస్తులు దుకాణాలకే." అలా అని ఆగింది. ఏదో తట్టింది. "ఆ ఇంటి సంగతి నాకూ ఎప్పుడూ అంతుపట్టలేదు అత్తయ్యా. కొలతలకు వెళ్లినప్పుడు చాలాసేపు నిలబడి చూశాను. రోడ్డు వైపు గోడకు నీలిరంగు సున్నం. మధ్యలో ఒక గూడు, దీపం పెట్టుకునేంత. కాస్త పక్కన బట్టలు తగిలించుకునే మేకులు. బయటి గోడకు అవన్నీ ఎవరు పెట్టించుకుంటారు?"

"బయటి గోడ కాదు అది" అంది అత్తగారు. "నా గది లోపలి గోడ."

పెన్సిలమ్మ స్టూలు తెచ్చి ఆవిడకు వేసింది. ఆవిడ కూర్చోలేదు.

"మా నాన్న కట్టించిన ఇల్లు. సగం నాకు, సగం మా చెల్లెలికి. పెద్దరోడ్డు వేస్తామని వచ్చారు, నా వైపు సగం కావాలన్నారు. అప్పుడు మీ ఆయన కడుపులో ఉన్నాడు. ఆసుపత్రికి పోవాలంటే బురదలో ఎంతో దూరం నడవాలి. ఆ దారిలోనే అంతకుముందు ఒక బిడ్డను పోగొట్టుకున్నాను. రోడ్డొస్తే బస్సొస్తుందని ఒప్పుకున్నాను. నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. మా చెల్లెలు మాత్రం, ఇంటిని సగానికి కోయించావు, ఇక నాకు అక్క లేదంది. అన్నమాట మీదే నిలబడింది. నేనూ అటు వెళ్లలేదు."

"మీకొక చెల్లెలుందా?" అంది పెన్సిలమ్మ. "ఎక్కడుంటారు?"

"ఎక్కడుంటుంది? మిగిలిన సగంలో. కింద కళ్లజోళ్ల కొట్టు."

పెన్సిలమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ముక్కు మీది కళ్లజోడు మీదికి పోయింది. దాన్ని అక్కడే చేయించుకుంది. ఒకసారి కాదు, ఫ్రేము వదులైనప్పుడల్లా వెళ్లింది. కొట్లో ఆవిడ బుల్లి స్క్రూడ్రైవర్‌తో మర సరిచేస్తూ, మెట్రో ఎప్పుడొస్తుంది, చెట్లేం నాటుతారు, బెంచీలకు వీపు ఆనుకునే వీలుంటుందా అని కబుర్లు చెప్పేది. ప్రతిసారీ డబ్బు వద్దనేది. మంచి మనిషని మురిసిపోవడమే తప్ప, ఎందుకు వద్దంటోందని ఎన్నడూ ఆలోచించలేదు.

"మీ అబ్బాయికి తెలుసా, పిన్ని ఉందని?"

"చెప్పలేదు. వాడు పుట్టేనాటికే మాటల్లేవు. తర్వాత చెప్పడానికి సందర్భం రాలేదు." అత్తగారు నిట్టూర్చింది. "ఒకసారి కోశాను. అదే ఇంటిని మళ్లీ నా కోడలి చేత్తో కోయించలేను. అందుకే వచ్చాను. పార్కు విషయం ఇంతుందని తెలీదు."

పెన్సిలమ్మ ఎర్రముక్కను తీసి మలుపులోనూ పెట్టలేదు, ఫ్యాక్టరీలోనూ పెట్టలేదు. రెండింటికీ మధ్యన రోడ్డు మీద వదిలేసింది.

"పదండి" అంది. "ఆ ఇంట్లో ఉన్న మనిషిని ఇంతవరకూ ఎవ్వరం అడగలేదు."

"దానితో నేనేం మాట్లాడను?"

"మీరు మాట్లాడకండి. పక్కన నిలబడండి చాలు."

*

మార్కెట్ మలుపులో ఎప్పటిలాగే బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఆగి ఉన్నాయి. బస్టాపు నీడ చాలక జనం కొట్ల చూరుల కింద నిలబడ్డారు. రోడ్డు దాటేటప్పుడు పెన్సిలమ్మ అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో అత్తగారు ఈ మలుపు నుంచి బస్సెక్కడం తనెప్పుడూ చూడలేదని, ఎప్పుడూ చుట్టుతిరుగుడు దారిలోనే పోతుందని పెన్సిలమ్మకు ఇప్పుడు తోచింది.

నీలిరంగు గోడ ఎండా వానా తిని పాలిపోయింది. గూడులో ఎవరో తాగి వదిలేసిన టీ కప్పు. అత్తగారు కప్పు తీసి పక్కన చెత్తడబ్బాలో వేసింది. గూడు అడుగుభాగాన్ని అరచేత్తో ఒకసారి తుడిచింది. అంతే, మరో మాట లేకుండా కొట్టు తలుపు వైపు నడిచింది.

లోపల గాజు అరల్లో కళ్లజోళ్లు వరసగా చూస్తున్నాయి. కొట్టావిడ దీపం కింద తలవంచి యంత్రం మీద అద్దం అంచు అరగదీస్తోంది. చప్పుడు విని, "కూర్చో అమ్మా, ఒక్క నిమిషం" అంది తలెత్తకుండానే. తర్వాత తలెత్తింది.

యంత్రం ఆపడం మరిచిపోయింది. అది కాసేపు ఒంటరిగా గిర్రున తిరిగింది.

"లావయ్యావు" అంది చివరికి.

"నువ్వూను" అంది అత్తగారు.

పెన్సిలమ్మే వెళ్లి యంత్రం మీట నొక్కి ఆపింది. దారి పొడుగునా కూడదీసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఎలాగో మొదలుపెట్టింది. స్టేషన్ ఇక్కడ రావాలంటే ఈ వరస పోతుందని, మీకు ఇష్టం లేకపోతే ఓటుకు ముందే కౌన్సిల్లో ఆ మాట చెప్పే హక్కు మీకుందని, తాను కూడా పక్కన నిలబడతానని చెప్పింది.

కొట్టావిడ శ్రద్ధగా విన్నది. విని, చేతిలోని అద్దాన్ని వెలుగుకు పట్టి చూసి కింద పెట్టింది.

"నాకు ఇష్టం లేదని నీకెవరు చెప్పారమ్మా? నాకు స్టేషన్ కావాలి. ఇక్కడే కావాలి."

"ఏమిటే?" అంది అత్తగారు.

"సగం ఇల్లు అక్కా ఇది. వంటగదిలోంచి పడగ్గదికి పోవాలంటే కొట్టులోంచి పోవాలి. వానొస్తే నీ గోడంతా నెమ్ము. మేడ మెట్లు ఎక్కలేక రెండేళ్లయింది. దీన్ని నేను ప్రేమతో పట్టుకుని వేలాడుతున్నాననుకున్నావా? నీమీద కోపంతో ఉండిపోయాను. కోపం ఎప్పుడు పోయిందో తెలీదు, ఇల్లు మాత్రం మిగిలింది. పార్కు ఎదురుగా ఇల్లిస్తారట, కింది అంతస్తులో కొట్టట. నాకింకేం కావాలి?"

అత్తగారు ఉన్నపాటున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. చెల్లెలు సొరుగు తెరిచి, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఒకటి తీసి అక్కకు అందించింది. "కొత్తదే. ముక్కు మాత్రం చీదకు" అంది.

పెన్సిలమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇంత చిన్న సంగతి అడక్కుండా ఇన్నాళ్లు ఎవరికి వారు ముడుచుకు కూర్చున్నారనుకుంది. అంతలో ఒక అనుమానం సన్నగా తలెత్తింది.

"కొత్త ఇళ్లలో కింది అంతస్తులు కొట్లకే అన్నది ఇందాక అత్తయ్యకు తప్ప ఇంకా ఎవరికీ చెప్పలేదు చిన్నత్తయ్యా. నిన్ననే కాగితం మీద పెట్టాను. మీకెలా తెలిసింది?"

"మీ ఆయన చెప్పాడు."

అత్తగారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "వాడా? వాడికి నువ్వెవరో ఎలా తెలుసు?"

"కాలేజీకి పోయే రోజుల్లోనే వెతుక్కుంటూ వచ్చాడు. ఆ బయటి గోడను చూసి, లోపలి గోడ బయటెందుకుందని అడిగాడు. అప్పటినుంచీ వస్తూనే ఉన్నాడు. మీకు చెప్పొద్దన్నది నేనే. నాకు అప్పట్లో పంతం మరి." చెల్లెలు పెన్సిలమ్మ వైపు తిరిగింది. "నీ పెళ్లి ఫోటోలు కూడా చూశానమ్మా. కానీ ఈ మధ్య వాడి వరస నాకు అర్థం కావట్లేదు. స్టేషన్ రానివ్వరా, నాకు హాయిగా ఉంటుందంటే వినడే. ఆ ముక్క ఎన్నిసార్లు జరిపినా మళ్లీ తెచ్చి అక్కడే పెడుతున్నారని విసుక్కుంటున్నాడు."

పెన్సిలమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచింది. హాలు తాళంచెవి దాని చోటులోనే ఉంది. ప్రతి రాత్రీ ఆ బ్యాగు ఉండేది పడగ్గదిలో బీరువా పక్కన. బడిలో లెక్కల మాస్టారైన మొగుడు ఆమెకంటే ముందు నిద్రలేస్తాడు. బడికి పోయే దారిలోనే గ్రంథాలయం, ఆమె లేచేలోగా వెళ్లి వచ్చెయ్యవచ్చు.

"ఎందుకట?" అంది. "మీరే పోనిమ్మంటుంటే ఆయనకేం?"

"అదే నేనూ అడిగాను. 'నీ ఒక్కదానిదే కాదు పిన్నీ, ఈ ఇంట్లో నాదీ ఒకటుంది. దాన్ని ఇంకోచోటికి తీసుకుపోవడం కుదరదు' అన్నాడు. ఏమిట్రా అంటే నవ్వేశాడు. మేడమీద గది వాడికే ఇచ్చేశాను, పిల్లల పేపర్లు దిద్దుకుంటానంటే. నేను ఎక్కలేను కదా, లోపలేముందో చూడలేదు. తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది."

ముగ్గురూ కొట్టు మూలనున్న ఇరుకు మెట్ల వైపు చూశారు. పైకి పోతున్నకొద్దీ మెట్లు కూడా గోడతోపాటు ఏటవాలుగా సన్నబడ్డాయి.

పెన్సిలమ్మ చెప్పులు విడిచి ఎక్కసాగింది. వెనక అత్తగారు గోడ పట్టుకుని మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కుతున్న అలికిడి వినిపించింది. వద్దందామనుకుని ఊరుకుంది. పైన ఆకుపచ్చ రంగు తలుపు. తాళం కప్ప గొళ్లేనికి వేలాడుతోంది, కానీ వేసి లేదు. ఇది బడి గంటల వేళ. ఆయన తొమ్మిదో తరగతికి రేఖాగణితం చెబుతూ ఉండాలి.

తలుపు మీద చెయ్యి వేసింది. లోపల ఎవరో కుర్చీ జరిపారు. ఆ వెంటనే ఒక చిన్నపిల్ల గొంతు, ఎంతో చనువుగా అడిగింది:

"మాస్టారూ, అమ్మమ్మ వచ్చేసిందా?"